చీటీలో వచ్చిన దేశం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోను చేసి, "నువ్వు ఇంజనీరువు కదప్పా, ప్రాజెక్టుల గురించో కొత్త టెక్నాలజీ గురించో ఓ ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. వాటి గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. అందుకని వేరే విషయం అడిగి తీసుకున్నాను. 1983 నుంచి 1986 దాకా ఈ బడిలో మేము ఏడుగురం కలిసి ఒక పని చేశాం. దానికి పెద్ద పేరు ఒకటుందని అప్పట్లో మాకు తెలియదు. అంతర్జాతీయ సంబంధాల అధ్యయనం అంటారట. మేము మాత్రం "శనివారం మాటలు" అనుకునేవాళ్ళం. ఆ మాటలు మాకేం ఇచ్చాయో, ఇప్పటి పిల్లలకు అవి మళ్ళీ ఎందుకు కావాలో చెప్పి, చివర్లో సంఘాన్ని ఒక కోరిక కోరతాను.

1980ల మొదట్లో ఈ ఊరు ఎట్లా ఉండేదో నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలైన కె.సి. కాలువ కర్నూలు జిల్లా అంతా తిరిగి మన కడప దాకా వచ్చేసరికి అలసిపోయి వచ్చేది. మనది చివరి ఆయకట్టు. దినపత్రిక పది గంటల బస్సులో వచ్చేది. టీవీ అనేది విన్నదే గాని చూసింది లేదు. అయినా ప్రపంచం ఎట్లాగో ఒకట్లా వచ్చి చేరేది. నేను ఆరో తరగతి పూర్తి చేసిన 1982 ఎండాకాలంలో ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా యుద్ధం చేశాయి. 1983 మార్చిలో ఢిల్లీలో అలీన దేశాల ఏడో శిఖరాగ్ర సభ జరిగింది. ఫిడెల్ కాస్ట్రో అధ్యక్ష బాధ్యతను ఇందిరా గాంధీకి అప్పగించిన ఫోటో పత్రికలో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1న దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధ విమానం కూల్చేస్తే 269 మంది చనిపోయారు.

ఈ వార్తలంటే నాకు పిచ్చి. కానీ మాట్లాడటానికి ఎవరూ లేరు. ఇంట్లో ఎత్తితే మా నాయన, "కాలవలోకి నీళ్ళొచ్చినాయేమో చూసి రాపో. అర్జెంటీనాతో మనకేం పని?" అనేవాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. క్రికెట్ మీద ఆసక్తి ఉన్న పిల్లవాడికి ఊరంతా జోడీయే. సినిమాకూ అంతే. దేశాల మధ్య సంగతుల మీద మనసున్న పిల్లవాడు మాత్రం, తనలాంటి ఇంకొకడు పక్క వీధిలోనే ఉన్నా కనుక్కోలేడు. ఆ ఆసక్తి బయటికి కనపడదు.

నాకు మొదటి తోడు దొరికింది పెన్సిలు గీత వల్ల. శాఖా గ్రంథాలయంలో పత్రిక చదువుతుంటే విదేశీ వార్తల కింద ఎవరో సన్నగా గీతలు గీసి ఉండేవి. బేరూట్ కింద గీత, కాబూల్ కింద గీత. నాలుగు రోజులు అక్కడే కూర్చుని కాపు కాస్తే దొరికాడు. ఎనిమిదో తరగతి 'బి' సెక్షన్ అబ్బాయి. వాళ్ళ నాయనది సైకిల్ షాపు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. రాత్రిపూట వాళ్ళ నాయన షార్ట్‌వేవ్ మీద బీబీసీ ఉర్దూ వాళ్ళ 'సైర్‌బీన్' వినేవాడు. పొద్దున బడికి వస్తూ మా వాడు అది నాకు తెలుగులో చెప్పేవాడు. పదింటి బస్సులో వచ్చే పత్రికకన్నా మా వాడి సైకిలే ముందొచ్చేది.

గ్రంథాలయం పత్రిక మీద గీతలు గీస్తున్నారని లైబ్రేరియన్ గారు బడికి వచ్చి చెప్పారు. విచారణ మా సోషల్ అయ్యవారి దగ్గరికి వచ్చింది. ఆయన ఇప్పుడు మన మధ్య లేరు. ఆ రోజు మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. "గీతలు గీయాలనిపిస్తే నోటుబుక్కులో రాసుకోండి. శనివారం ఆఖరి పీరియడు నాకు ఖాళీ. వచ్చి చదివి వినిపించండి" అన్నారు. ఆ మాట తరగతిలో అందరి ముందూ అన్నారు. అందువల్ల మాకు తెలియని మిగతా వాళ్ళు బయటపడ్డారు. ఏడాది తిరిగేసరికి ఏడుగురం అయ్యాం.

ఒకమ్మాయి వాళ్ళ నాయన కువైట్‌లో బేల్దారి. ఇరాన్, ఇరాక్ యుద్ధం సముద్రం దాకా పాకిందంటే ఆ అమ్మాయికి అది వార్త కాదు, ఇంటి సంగతి. ఒకమ్మాయి పూజారి గారి కూతురు. ఒకడు కిరాణా కొట్టు వాళ్ళ అబ్బాయి, ఇంకొకడు లైన్‌మన్ గారి అబ్బాయి. ఏడోవాడు సాంఘిక సంక్షేమ హాస్టలు నుంచి వచ్చేవాడు, వెనక బెంచీ, పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. ఆ రోజుల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ బడిలో పలకరించుకోవడమే తక్కువ. కులం, వీధి, సెక్షన్ అన్నీ అడ్డమే. శనివారం ఆఖరి పీరియడులో మాత్రం మా మధ్య నడిచిన మాటలు లెబనాన్ గురించో, శ్రీలంక గురించో. ఆ మాటల చాటునే మేము ఒకరికొకరం పరిచయమయ్యాం.

ఇక అసలు సంగతికి వస్తాను. మేము పదో తరగతిలో ఉండగా, 1985 డిసెంబరు 7, 8 తేదీల్లో ఢాకాలో ఏడు దేశాల నాయకులు కలిశారు. బంగ్లాదేశ్ అధ్యక్షుడు ఎర్షాద్ ఆతిథ్యం. మన తరఫున రాజీవ్ గాంధీ, పాకిస్తాన్ నుంచి జియా ఉల్ హక్, శ్రీలంక నుంచి జయవర్ధనే, నేపాల్, భూటాన్ రాజులు, మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్. సార్క్ పుట్టింది అక్కడే. అయ్యవారు పత్రిక మడిచి, "దేశాలూ ఏడు, మీరూ ఏడుగురు. వచ్చే శనివారం మన ఢాకా ఇక్కడే" అన్నారు. ఏడు చీటీలు రాసి సుద్దముక్కల డబ్బాలో వేసి తీయమన్నారు. చీటీ మార్చుకోవడానికి లేదు.

నాకు బంగ్లాదేశ్ వచ్చింది. సైకిల్ షాపు అబ్బాయికి భారతదేశం. పూజారి గారి అమ్మాయికి పాకిస్తాన్. కువైట్ అమ్మాయికి శ్రీలంక, కిరాణా కొట్టు వాడికి నేపాల్, లైన్‌మన్ గారి అబ్బాయికి భూటాన్. హాస్టలు అబ్బాయికి మాల్దీవులు. వాడు చీటీ చూసి, "ఇంత చిన్న దేశం మాట ఎవరు వింటారు సార్?" అన్నాడు. అయ్యవారు పత్రిక విప్పి చూపించారు. సార్క్ నియమావళి ప్రకారం ఏ నిర్ణయమైనా ఏకగ్రీవంగానే జరగాలి. "నువ్వు ఒక్కడివి ఒప్పుకోకపోతే భారతదేశం కూడా ఆగిపోవాల్సిందే" అన్నారు. ఆ శనివారం వాడు రెండుసార్లు సభను ఆపాడు. మూడేళ్ళలో వాడి గొంతు అంత గట్టిగా వినడం మాకు అదే మొదటిసారి. ఇప్పుడు వాడు ఒక జిల్లాలో రెవెన్యూ అధికారి. ఎదుట నిలబడ్డ ఆసామి ఎంత చిన్నవాడైనా మాట పూర్తయ్యేదాకా వింటాడని వాడి కింద పనిచేసినవాళ్ళు నాకు చెప్పారు.

చీటీ వచ్చిన తర్వాత వారం రోజులు సమాచారం పోగుచేయడమే పని. నేపాల్ అబ్బాయి వాళ్ళ కొట్లో సరుకు లెక్క చూసి, సముద్రం లేని దేశానికి విదేశీ సరుకు రావాలంటే కలకత్తా రేవే దిక్కు అన్నాడు. భూటాన్ అబ్బాయి వాళ్ళ నాయన్ను అడిగి వచ్చి, తన దేశంలో భారతదేశం కట్టిపెడుతున్న చుఖా జలవిద్యుత్ కేంద్రం గురించి చెప్పి, "నాకు సైన్యం లేకపోయినా ఫర్వాలేదు, కరెంటు అమ్ముకుని బతుకుతా" అన్నాడు. నేను ఫరక్కా పట్టుకున్నాను.

ఫరక్కా సంగతి పిల్లల కోసం కొంచెం వివరంగా చెబుతాను. పశ్చిమ బెంగాల్‌లో గంగ మీద ఉన్న బరాజ్ అది. బంగ్లాదేశ్ సరిహద్దుకు దాదాపు 18 కిలోమీటర్ల ఎగువన ఉంటుంది. మన బడి మొదలైన 1975లోనే అదీ పని మొదలుపెట్టింది. కలకత్తా రేవు ఇసుక మేట వేసి పూడిపోతున్నది కాబట్టి, గంగ నుంచి 40,000 క్యూసెక్కుల నీళ్ళు భాగీరథి, హుగ్లీల వైపు మళ్ళించి ఆ మేటను కడిగేయాలని దాని ఉద్దేశం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్ళు. వానాకాలంలో గంగలో నీళ్ళకు కొదవలేదు. తగవంతా జనవరి నుంచి మే దాకా. ఆ నెలల్లో కలకత్తాకు చాలినంత మళ్ళిస్తే కింద బంగ్లాదేశ్ పొలాలకు, ఏటి పాయలకు నీళ్ళు తగ్గుతాయి, సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నుతుంది. 1976 మే నెలలో మౌలానా భాసానీ అనే వృద్ధ నాయకుడు వేలమందితో ఫరక్కా వైపు పాదయాత్ర చేశాడు. 1977లో ఐదేళ్ళకు ఒక ఒప్పందం కుదిరింది. తర్వాత 1982లో ఒక అవగాహన పత్రం, 1985 నవంబరులో ఇంకొకటి. అంటే మేము చీటీలు తీయడానికి నెల ముందే.

శనివారం నేను లేచి బంగ్లాదేశ్‌గా మాట్లాడాను. అంకెలు కొన్నే ఉన్నాయి గాని మాటలు మాత్రం మా ఇంట్లో రోజూ వినేవే. "ఎగువనున్నోళ్ళు తూము ఎత్తుకుంటే చివర మాకు బురద మిగులుతుంది. వాన కురిసినప్పుడు మాత్రం మా మీదికి వదిలేస్తారు" అని కె.సి. కాలువ బాధనంతా గంగకు ఎక్కించాను. భారతదేశం లేచి నిలబడింది. సైకిల్ షాపు అబ్బాయి తొణకలేదు. "కలకత్తా రేవు పూడిపోతే అక్కడ మూటలు మోసే కూలీ ఎక్కడికి పోవాలి? వాడిది బతుకు కాదా? నీది పొలం, నాది రేవు. రెండూ కడుపు కోసమే" అన్నాడు.

నేను జవాబు చెప్పబోతే అయ్యవారు ఆపారు. "ముందు వాడు చెప్పింది నువ్వు చెప్పు. 'ఔను, నేను అన్నది ఇదే' అని వాడు ఒప్పుకున్న తర్వాతే నీ జవాబు" అన్నారు. మొదట నాకు ఒళ్ళు మండింది. ఎదుటివాడి వాదం నా నోటితో చెప్పడం అంత కష్టమని అంతకుముందు తెలియదు. చెబుతూ చెబుతూ ఉంటే, నేను తయారు చేసుకున్న జవాబుల్లో సగం దానికి సరిపోవని నాకే అర్థమైంది. మిగిలిన సగమే గట్టి జవాబు.

సార్క్ నియమావళిలో ఇంకో సంగతి కూడా మాకు అప్పుడే తెలిసింది. రెండు దేశాల మధ్య తగవులు, వివాదాస్పద విషయాలు ఆ వేదిక మీద చర్చకు రాకూడదు. అంటే ఢాకాలో అందరూ కూర్చున్నా ఫరక్కా మాట బల్ల మీదికి రాదు. "మరి కూర్చోవడం దేనికి?" అని మేము అరిచాం. "బల్ల మీద మాట్లాడలేనివి టీ తాగేటప్పుడు మాట్లాడుకోవడానికి" అన్నారు అయ్యవారు. మొన్నటికి మొన్న అర్థమైంది ఆ మాట విలువ. 2014 నవంబరులో ఖాట్మండు సభ తర్వాత సార్క్ శిఖరాగ్ర సభ మళ్ళీ జరగలేదు. టీ తాగే చోటు కూడా పోయింది.

ఇంతలో ఒక గొడవ వచ్చింది. పూజారి గారు నేరుగా హెడ్మాస్టరు గారి గదికి వచ్చారు. "మా అమ్మాయిని పాకిస్తాన్ చేసి కూర్చోబెట్టారంట. ఊళ్ళో నవ్వుతున్నారు" అన్నారు. శనివారం మాటలు ఆ రోజుతో ఆగిపోతాయనే మేము అనుకున్నాం. సోషల్ అయ్యవారిని పిలిపించారు. ఆయన నెమ్మదిగా, "స్వామీ, రేపు మీ అమ్మాయి వకీలైతే, ఎదుటి వకీలు ఏమనబోతాడో ముందే తెలిసి ఉండాలా, వద్దా?" అని అడిగారు. పూజారి గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది మా శాస్త్రాల్లో ఉన్నదే. పూర్వపక్షం అంటారు. ఎదుటివాడి వాదాన్ని లోపం లేకుండా ముందు మనమే చెప్పాలి. ఆ పైన సిద్ధాంతం. పూర్వపక్షం సరిగ్గా చెప్పనివాడి సిద్ధాంతం నిలబడదు" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "చెప్పేదేదో బాగా చెప్పమనండి. సగం సగం చెబితే నాకు నామోషీ" అన్నారు.

ఫిర్యాదు చేయడానికి వచ్చిన పెద్దమనిషి మా పనికి పేరు పెట్టి పోయారు. ఆ తర్వాత శనివారం భారతదేశపు చీటీ ఆ అమ్మాయికి వచ్చింది, పాకిస్తాన్ నాకు వచ్చింది. అట్లా ఏడాది చివరికి అందరం అన్ని దేశాలూ అయ్యాం. ఎవరి ఇంటి భాష ఏది, ఎవరి మతం ఏది అన్నది చీటీ చూసుకోదు. ఆ సుద్దముక్కల డబ్బా ఈ బడిలో చేసిన గొప్ప మేలు అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇదంతా పిల్లల ఆట కదా, దీంతో ఒరిగిందేమిటని అడగవచ్చు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. మేమంతా అప్పటికి తలో ఊరిలో ఉన్నాం. నేను అనంతపురంలో ఇంజనీరింగు, ఆ అమ్మాయి తిరుపతిలో డిగ్రీ. వాళ్ళ నాయన కువైట్‌లోనే ఉన్నాడు. ఉత్తరాల్లేవు, ఫోన్లు కలవవు. ఊళ్ళో ఒకరు గ్యాసు వేశారంటారు, ఒకరు అందరినీ బందీలు చేశారంటారు. వాళ్ళమ్మకు చదువు రాదు. సైకిల్ షాపు అబ్బాయి ఊళ్ళోనే ఉన్నాడు. రోజూ రాత్రి రేడియో విని, పొద్దున్నే ఆమె దగ్గరికి పోయి, విన్నది విన్నట్టు చెప్పేవాడు. తెలియనిది తెలియదనే చెప్పేవాడు. నేను ఇంగ్లీషు పత్రికల్లో చూసి ఇన్‌లాండు కవరు మీద దారి గీసి పంపాను. కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి దారిన జోర్డాన్ రాజధాని అమ్మాన్, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి. "చిన్నమ్మా, చిన్నాయన ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఉంటాడు. దారి తెరిచే ఉంది" అని రాశాను. ఆమె ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టుకుందని తర్వాత తెలిసింది.

ఆ ఆగస్టులోనే మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాం హుసేన్‌ను కలిశారు. ఇద్దరూ ఆలింగనం చేసుకున్న ఫోటో ప్రపంచమంతా వచ్చింది, విమర్శలూ వచ్చాయి. దురాక్రమణ చేసినవాణ్ణి కౌగిలించుకోవడమేమిటని నేనూ ఉత్తరంలో రాశాను. ఆ అమ్మాయి తిరుగు టపాలో రాసింది: "నువ్వు చెప్పింది న్యాయమే. కువైట్ వాళ్ళ దేశం వాళ్ళకు కావాల్సిందే. కానీ మా నాయన బస్సెక్కాలంటే ఆ బస్సును ఆపగలిగినవాడు ఒప్పుకోవాలి. ఈ రెండూ నిజమే. ఏది ముందు అనేది నీ ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది." విదేశాంగ విధానం మీద తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. అంతకన్నా సూటిగా చెప్పిన వాక్యం దొరకలేదు.

ఆ రెండు మూడు నెలల్లో లక్షకు పైగా భారతీయులను ప్రధానంగా అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. సెప్టెంబరు ఆఖర్లో చిన్నాయన బొంబాయి నుంచి మద్రాసు రైలెక్కి కడపలో దిగాడు. చేతిలో ఒక సంచి మాత్రమే. ఇరవై ఏళ్ళ పిల్లలం మేము ఆయన్ను రప్పించామని చెప్పడం లేదు. రప్పించింది ప్రభుత్వం, పైలట్లు, అక్కడి మన సంఘాల వాళ్ళు. మేము చేసింది ఆ ఇంట్లో ఆరు వారాల పాటు పుకారుకు చోటు లేకుండా చేయడం. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రేడియో వినేవాడు ఒకడు, పత్రిక చదివేవాడు ఒకడు, ఎదురు ప్రశ్న వేసే మనిషి ఒకరు కావాలి.

ఉద్యోగంలో చేరాక నాకు దక్కిన పని నీళ్ళ లెక్కలు. పొరుగు రాష్ట్రం ఇంజనీర్లతో బల్లకు అటూ ఇటూ కూర్చోవడం మా వృత్తిలో మామూలే. కృష్ణా జలాల్లో బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించిందని అందరికీ తెలుసు. ఆ అంకెల వెనక ఎవరి వాదం ఏమిటో, అవతలివాళ్ళ నోటితో చెప్పగలిగినవాళ్ళు తక్కువ. నేను మీటింగుకు పోయే ముందు రాత్రి ఒక కాగితం మీద అవతలి పక్షం వాదం రాసుకుంటాను, వాళ్ళ చీఫ్ ఇంజనీరు సంతకం పెట్టగలిగేంత బాగా. తర్వాతే మన వాదం. దీనివల్ల మన వాటాలో ఒక్క చుక్క తగ్గలేదు. మన కాగితాలు మాత్రం గట్టిపడ్డాయి.

ఫరక్కా సంగతి పూర్తి చేస్తాను. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, షేక్ హసీనా ఢిల్లీలో 30 ఏళ్ళకు గంగా జలాల ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ పత్రం పాఠం చేతికి వచ్చినప్పుడు పదో తరగతి పిల్లవాడిలాగే చదివాను. జనవరి 1 నుంచి మే 31 దాకా పది రోజులకొకసారి లెక్క. ఫరక్కా దగ్గర 70,000 క్యూసెక్కులు, అంతకు లోపు ఉంటే చెరి సగం. 70,000 నుంచి 75,000 మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కు 35,000, మిగతాది మనకు. 75,000 దాటితే మనకు 40,000, మిగతాది వాళ్ళకు. చెరి సగం అన్నంతవరకు మా ఏడుగురికీ తోచింది. మాకు తోచనిది ఇంకొకటి అందులో ఉంది. మార్చి 11 నుంచి మే 10 దాకా, బాగా ఎండిన కాలంలో, పది రోజులు ఒకరికి ఖాయంగా 35,000, తర్వాత పది రోజులు ఇంకొకరికి. వంతులన్నమాట! మన కాలువ మీద నీరుగట్టి గడియారం చూసి ఈ చేను తర్వాత ఆ చేనుకు మడవ తిప్పినట్టే. రెండు దేశాల ప్రధానమంత్రులు సంతకం పెట్టిన పత్రంలో మన నీరుగట్టి పద్ధతి కనపడితే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ ఒప్పందం గడువు 2026 డిసెంబరు దాకా. ఇంకోవైపు, 1960 సెప్టెంబరు 19న నెహ్రూ, అయూబ్ ఖాన్ కరాచీలో సంతకం చేసిన సింధు జలాల ఒప్పందం 1965, 1971 యుద్ధాలను కూడా తట్టుకుని నిలిచింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఘోరం తర్వాత మన ప్రభుత్వం దాన్ని నిలుపుదల చేసింది. మనసులు రగిలిన ఇట్లాంటి కాలంలో పూర్వపక్షం చెప్పడం కష్టం. చెబితే ద్రోహి అనేవాళ్ళు కూడా ఉంటారు. పూర్వపక్షం చెప్పడమంటే ఒప్పుకోవడం కాదు. హత్యను హత్య అంటూనే, నది అవతల ఒడ్డు రైతు ఏమంటాడో తెలుసుకోవచ్చు. తెలుసుకున్న దేశమే బల్ల దగ్గర బలంగా కూర్చుంటుంది.

ఇప్పుడు చిరంజీవులతో రెండు మాటలు. మాకు వార్త దొరకడం కష్టంగా ఉండేది, మీకు వార్త ఆగడం కష్టంగా ఉంది. మీ చేతిలోని ఫోను మీకు నచ్చే మాటనే మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. చీటీ తీయించి ఎదుటి పక్షాన కూర్చోబెట్టదు. ఆ పని తోటివాళ్ళే చేయగలరు. పైగా ఈ సంగతులు మీకు దూరం కావు. కువైట్ వీసా నిబంధన మారితే మన మండలంలో ఎన్ని ఇళ్ళలో ఆ రాత్రి అన్నం సహించదో మీకే తెలుసు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి వీసాలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటిస్తే, మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఇంకో మాట లేదు.

పెద్ద పట్నాల బళ్ళలో మోడల్ యు.ఎన్. అని పోటీలు జరుగుతున్నాయి. మంచివే. కానీ అవి దాదాపుగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. రుసుము కట్టాలి, కోటు వేసుకోవాలి. దాంతో ప్రపంచ వ్యవహారాలు మాట్లాడటానికి ముందు ఇంగ్లీషు, తర్వాత డబ్బు ఉండాలని మన పిల్లలు అనుకుంటున్నారు. మేము సార్వభౌమత్వం, అలీన విధానం, ఏకగ్రీవం, దిగువ దేశం అన్నీ తెలుగులోనే మాట్లాడుకున్నాం. ఇంగ్లీషు తర్వాత వచ్చింది, అవసరానికి సరిపడా వచ్చింది. ఆలోచన మాత్రం తెలుగులోనే మొదలైంది.

అందుకే సంఘానికి నా కోరిక. స్వర్ణోత్సవం పేరు మీద కమాను కడదామని, విగ్రహం పెడదామని మాటలు వినపడుతున్నాయి. వాటితో పాటు ఒక చిన్న పని చేద్దాం. శనివారం ఆఖరి పీరియడును మళ్ళీ మొదలుపెడదాం. బడి వేళల్లోనే పెట్టాలి. సాయంత్రం పెడితే హాస్టలు పిల్లలు, బస్సు పిల్లలు ఉండలేరు, ఆడపిల్లలను ఇళ్ళలో ఆగనివ్వరు. ఒక పెద్ద ప్రపంచ పటం, ఒక మంచి అట్లాసు, రెండు తెలుగు పత్రికలు, ఒక ఇంగ్లీషు పత్రిక, ఒక చీటీల డబ్బా చాలు. దోహాలో, డల్లాస్‌లో, కువైట్‌లో ఉన్న మన వాళ్ళు నెలకొకరు వీడియోలో ఓ అరగంట, తామున్న దేశం మన గురించి ఏమనుకుంటుందో తెలుగులో చెప్పాలి. నియమాలు మూడే: చీటీ మార్చుకోకూడదు. ఎదుటివాడి మాట వాడు ఒప్పుకునేలా చెప్పకుండా జవాబు చెప్పకూడదు. అంకె చెబితే అది ఎక్కడిదో చెప్పాలి.

మొదటి మూడేళ్ళ ఖర్చు నేను పెట్టుకుంటాను. మా ఏడుగురిలో మిగతా వాళ్ళతో మాట్లాడాను, తలా ఒక నెల వచ్చి కూర్చుంటామన్నారు. మొదటి విషయం కూడా సిద్ధంగా ఉంది: 2026 డిసెంబరు తర్వాత గంగ నీళ్ళు ఎట్లా పంచుకోవాలి? ఢిల్లీలో, ఢాకాలో పెద్దవాళ్ళు ఆ ప్రశ్నకు జవాబు వెతికే ఏడాదే, ఈ బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు కూడా వెతకాలి. వాళ్ళ జవాబు అక్కడిదాకా వెళ్ళకపోవచ్చు. కానీ రేపు ఏ కార్యాలయంలోనో, ఏ పంచాయతీలోనో, ఏ పరాయి దేశపు కూలీల బసలోనో ఒక తగవు ముందుకొచ్చినప్పుడు, అవతలివాడి మాట ముందు విందామనే మనిషి అక్కడ ఒకరుంటారు.

సంఘం పెద్దలు ఈ కోరికను వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టాలని మనవి చేస్తున్నాను. వద్దు అనేవాళ్ళుంటే వారి పూర్వపక్షం కూడా నేనే చెబుతాను, సరిగ్గా చెప్పానో లేదో వారే తేల్చాలి.